పాతిక ముప్పై కిలోలు తగ్గాలనుకునేవారికి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వంటింటి లెక్కలతో సమగ్ర మార్గదర్శి

ఐదారు కిలోలు తగ్గడం వేరు, పాతిక ముప్పై కిలోలు తగ్గడం వేరు. మొదటిది రెండు నెలలు నోరు కట్టుకుంటే అయ్యే పని. రెండవదానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. ఆ రెండేళ్ళలో రెండు సంక్రాంతులు, రెండు రోహిణి కార్తెలు, చుట్టాల ఇళ్ళలో నాలుగైదు పెళ్ళిళ్ళు, ఒకటో రెండో తుఫాన్లు తప్పకుండా వస్తాయి కనుక, కేవలం పట్టుదల మీద నడిచే ఏ పద్ధతీ అంత దూరం రాదు. ఇంట్లో బియ్యం కొలిచే తీరు, బాణలిలో నూనె పోసే తీరు మారితేనే అంత బరువు దిగుతుంది, దిగినది నిలుస్తుంది. అందుకే ఈ వ్యాసంలో వ్యాయామం కన్నా వంటింటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

లెక్కలు గాలిలో ఉండకుండా ఒక ఉదాహరణ తీసుకుందాం. కావలిలో హార్డ్‌వేర్ దుకాణం నడిపే 42 ఏళ్ళ మగమనిషి; బరువు 110 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు; పొద్దున్నుంచి రాత్రి దాకా గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఉద్యోగం. ఈ ఊహాత్మక వ్యక్తి లెక్కనే చివరి వరకూ వాడుకుందాం.

మొదటి అడుగు: మొదలుపెట్టక ముందే వైద్య పరీక్ష

భారతీయులకు వాడే ప్రమాణం ప్రకారం బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. మన ఉదాహరణలోని వ్యక్తి బీఎంఐ 38. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు మించకూడదని చెబుతారు. పొట్ట దగ్గర చేరే కొవ్వు మనవారికి ఎక్కువ చేటు చేస్తుంది కాబట్టి తూకం యంత్రంతోపాటు దర్జీ టేపు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి.

బరువు ఈ స్థాయిలో ఉన్నవారు రక్తపోటు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర), థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, కొలెస్టరాల్, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించుకున్న తరువాతే తిండి తగ్గించాలి. నెలసరి సరిగా రాని ఆడవారు పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) గురించి కూడా అడగాలి. గట్టిగా గురకపెడుతూ, పగలంతా కునుకుపాట్లు పడేవారికి నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉండవచ్చు; ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి, ఎందుకంటే చాలామంది గురకను జబ్బుగా లెక్కించరు, ఇంట్లోవారు నవ్వి ఊరుకుంటారు.

మందుల విషయం మరింత ముఖ్యం. మధుమేహానికి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతూ అన్నం సగానికి తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చక్కెరను మూత్రంలోకి పంపే డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు పిండిపదార్థాలు బాగా తగ్గించినా, ఉపవాసాలు చేసినా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ఆసుపత్రి పాలయ్యే అవకాశం ఉంది. బరువు తగ్గేకొద్దీ బీపీ మాత్ర మోతాదు కూడా ఎక్కువైపోయి, లేచి నిలబడగానే కళ్ళు తిరగవచ్చు. ఈ మాత్రల మోతాదు మార్చవలసింది డాక్టరే. తిండి మార్చే ముందు ఆయనతో చెప్పవలసిన బాధ్యత మాత్రం మీది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ళలోపు పిల్లలు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ వ్యాసంలోని అంకెలను తమకు వర్తింపజేసుకోకూడదు.

రెండవ అడుగు: ఎంత, ఎన్నాళ్ళలో

ముప్పై కిలోలు అని గోడ మీద రాసుకోవడం వల్ల ఉపయోగం లేదు. మొదటి గమ్యం ఉన్న బరువులో పదవ వంతు, అంటే మన ఉదాహరణలో 11 కిలోలు. బరువు 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, చక్కెర, కాలేయంలో కొవ్వు మెరుగుపడతాయి. మోకాళ్ళ సంగతి ఇంకా స్పష్టం: శరీరం ఒక కిలో తగ్గితే, అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది. మధుమేహం వచ్చి ఎక్కువ కాలం కానివారికి ఇంకొక ఆశ ఉంది. బ్రిటన్‌లో ఆరేళ్ళలోపు మధుమేహం ఉండి ఇన్సులిన్ వాడనివారి మీద జరిపి 2017లో ప్రకటించిన డైరెక్ట్ అధ్యయనంలో, 15 కిలోలు లేదా అంతకు మించి తగ్గినవారిలో 86 శాతం మందికి ఏడాది చివరన మందులు లేకుండానే చక్కెర అదుపులోకి వచ్చింది.

వేగం వారానికి అర కిలో నుంచి కిలో వరకు ఉంటే చాలు. మొదటి రెండు వారాల్లో మూడు నాలుగు కిలోలు దిగినా సంబరపడవద్దు, అందులో ఎక్కువ భాగం నీరే. నెలకు ఎనిమిది పది కిలోల చొప్పున దిగేవారికి పిత్తాశయంలో రాళ్ళు, రెండు మూడు నెలల తరువాత విపరీతంగా జుట్టు ఊడడం, కండ కరగడం సామాన్యం.

ఇక కేలరీల లెక్క. విశ్రాంతిలో శరీరం ఖర్చు చేసే శక్తిని అంచనా వేయడానికి 1990 నుంచి వాడుకలో ఉన్న మిఫ్లిన్ సూత్రం ఇది: కిలోలలో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో హెచ్చించి కలిపి, ఏళ్ళలో వయసును 5తో హెచ్చించి తీసివేయాలి. మగవారైతే 5 కలపాలి, ఆడవారైతే 161 తీసివేయాలి. మన దుకాణదారుకు ఇది సుమారు 1,960 వస్తుంది. కూర్చుని పనిచేసేవారు దీన్ని 1.3తో హెచ్చిస్తే రోజు మొత్తం ఖర్చు తెలుస్తుంది, ఇక్కడ 2,545. ఇందులోంచి 650 తగ్గించి, రోజుకు సుమారు 1,900 కేలరీలు తినాలని నిర్ణయించుకోవచ్చు. ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి కనుక వారానికి అర కిలో పైచిలుకు తగ్గుతుంది. అదే 98 కిలోల బరువు, 155 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న 38 ఏళ్ళ గృహిణికి ఖర్చు 2,080 దగ్గర, తినవలసినది 1,550 నుంచి 1,600 దగ్గర తేలుతుంది. భార్యాభర్తలు ఒకే కంచం కొలత పెట్టుకుంటే భార్య తగ్గకపోవడానికి కారణం ఇదే. ఆమెకు పట్టుదల లేక కాదు.

మూడవ అడుగు: నూనె డబ్బా, బియ్యం కప్పు

ఆహారం మార్చడం గురించి ఎన్ని మాటలైనా చెప్పవచ్చు గానీ, మన ఇళ్ళలో లెక్క తప్పేది ముఖ్యంగా రెండు చోట్ల, నూనెలో, బియ్యంలో.

నూనె సంగతి ముందు చూద్దాం. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్ల క్యాన్ అయిపోతున్నదనుకోండి. లీటరు నూనెలో సుమారు 8,200 కేలరీలు ఉంటాయి. ఐదు లీటర్లను ముప్పై రోజులకు, నలుగురికి పంచితే మనిషికి రోజుకు 340 కేలరీలు నూనె నుంచే వస్తున్నట్లు. అది వేరుశనగ నూనె అయినా, పొద్దుతిరుగుడు నూనె అయినా, గానుగ నూనె అయినా కేలరీలలో తేడా లేదు. నెలకు రెండున్నర లీటర్లకు దిగితే, కంచంలో ఒక్క ముద్ద అన్నం తగ్గించకుండానే మనిషికి రోజుకు 170 కేలరీలు తగ్గిపోతాయి.

దీన్ని అమలు చేసే పద్ధతి ఇది. నెల మొదటి తేదీన ఆ నెలకు సరిపడే రెండున్నర లీటర్లను వేరే డబ్బాలోకి తీసి, దాని మీద వారం వారం ఎక్కడికి దిగాలో స్కెచ్ పెన్నుతో నాలుగు గీతలు గీయండి. సీసాలోంచి నేరుగా బాణలిలోకి ఒంపడం మాని, ఐదు మిల్లీలీటర్ల చెంచాతో కొలిచి పోయండి. నలుగురి కూరకు నాలుగు చెంచాలు, పప్పు తిరగమాతకు ఒక చెంచా సరిపోతాయి. మందపాటి అడుగున్న గిన్నె వాడి, ఉల్లిపాయలకు ఉప్పు చల్లి మూత పెడితే వాటి నీటిలోనే మగ్గుతాయి. అడుగంటుతుందనిపిస్తే రెండు చెంచాల నీళ్ళు చిలకరిస్తే చాలు. వంకాయ, దొండకాయ, బెండకాయ వేపుళ్ళే ఎక్కువ నూనె తాగేవి కనుక వాటిని వారానికి ఒక రోజుకు పరిమితం చేసి, మిగతా రోజుల్లో అవే కూరగాయలను ఉడికించి కారం చల్లుకోవచ్చు.

నెల్లూరు చేపల పులుసు విషయంలో ఒక మాట చెప్పాలి. ఆ పులుసులో దోషం చేపది కాదు, మీద తేలే ఎర్రటి నూనె తెట్టెది, ఆ పులుసు రుచికి రెట్టింపయ్యే అన్నానిది. కొర్రమీను, వంజరం, బొమ్మిడాయిలు ఏవైనా మంచి మాంసకృత్తులున్న ఆహారమే. పులుసు కాచిన మరునాడు తినే అలవాటు ఉన్నవారికి ఒక సౌకర్యం కూడా ఉంది: రాత్రంతా కదపకుండా ఉంచితే నూనె పైకి చేరుతుంది, పొద్దున గరిటెతో సగం తీసివేయవచ్చు. మామిడికాయ ముక్క, మెంతుల వాసన పోవు.

ఇప్పుడు బియ్యం. రైస్ కుక్కర్‌తో వచ్చే 180 మిల్లీలీటర్ల కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి, అంటే 530 కేలరీలు. ఆ కప్పు అన్నాన్ని పూటకు ఒక్కరే తినే ఇళ్ళు మన దగ్గర తక్కువేమీ కావు. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ సీమలో అన్నం మానమని చెప్పడం నాకే సబబుగా తోచదు, అవసరమూ లేదు. వండిన అన్నం 100 గ్రాములకు 130 కేలరీలు. పూటకు 200 గ్రాములు తింటే 260 కేలరీలు. నాలుగైదు వందల రూపాయలకు దొరికే వంటింటి తూకం ఒకటి కొని, మొదటి నెల అన్నాన్ని తూచి వడ్డించుకోండి. ఆ తరువాత మీ ఇంటి గరిటెతో ఎన్ని గరిటెలు అన్నది కంటికే తెలిసిపోతుంది, తూకం అటక ఎక్కించవచ్చు.

మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాల వారు రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం తింటే బరువు దానంతట అదే తగ్గుతుందని నమ్ముతారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 321 కేలరీలు, తెల్ల బియ్యంలో 356 కేలరీలు ఉన్నాయి; తేడా అంత పెద్దది కాదు. పీచు మాత్రం రాగుల్లో 11 గ్రాములు, బియ్యంలో 3 గ్రాముల లోపు. అందువల్ల సంగటి తింటే కడుపు త్వరగా నిండి ఎక్కువసేపు ఆకలి వేయకపోవచ్చు, అదే దాని మేలు. పిడికెడంత సంగటి ముద్ద తినవలసిన చోట కొబ్బరికాయంత ముద్దను నాటుకోడి పులుసులో ముంచుకుని తింటే ఆ మేలు మిగలదు.

నాలుగవ అడుగు: కంచంలో వరస మార్చడం

మన భోజనంలో అన్నం ఎక్కువ కావడానికి అసలు కారణం ఆకలి కాదు, వరస. పప్పుతో ఒక వాయి, కూరతో ఒక వాయి, పులుసుతోనో చారుతోనో ఇంకొకటి, చివర పెరుగన్నం. ప్రతి వాయికీ కొత్తగా అన్నం వడ్డించుకుంటాం, చివర పెరుగన్నం తినకపోతే భోజనం చేసినట్టే ఉండదు. నాలుగు వాయిలకు వంద గ్రాముల చొప్పున అన్నా 400 గ్రాములు.

ఆ వరసను పూర్తిగా చెరపనక్కరలేదు. అన్నం ఒక్కసారే, తూచి వడ్డించుకోండి. మళ్ళీ అన్నం గిన్నె దగ్గరకు చేయి పోకూడదు. ఉన్న అన్నాన్ని కంచంలోనే రెండు భాగాలు చేసి, ఒకటి కూరకో పులుసుకో, ఒకటి పెరుగుకు కేటాయించండి. పప్పును కప్పులో పోసుకుని చెంచాతో తినండి, చారును గ్లాసులో పోసుకుని తాగండి. భోజనానికి ముందు ఒక కప్పు దోసకాయ, కీరా, క్యారెట్ ముక్కలు తిని, కూరను అన్నానికి సమానంగా వడ్డించుకుంటే కంచం నిండుగానే కనిపిస్తుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి తిన్న మరునాడు తూకం ఎక్కువ చూపిస్తే అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకుండా చూసుకోవాలి కనుక పచ్చడిని నంజుకోవాలే గానీ అందులో అన్నం కలపకూడదు.

ఇంట్లో ఒకరికి వేరే వంట చేయడం మొదలుపెడితే అది రెండు నెలలకు మించి సాగదని నా గట్టి అభిప్రాయం. తక్కువ నూనె కూర, చిక్కటి పప్పు ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండాలి. ఎవరి అన్నం కొలత వారిది. అత్తగారో అమ్మమ్మో "ఇంకొంచెం వేసుకో, చిక్కిపోయావు" అని కొసరి వడ్డించే ఇళ్ళలో ఎవరి కంచం వారే వడ్డించుకునే పద్ధతి ముందుగా పెట్టుకోవాలి. ఆ ఒక్క మార్పు మీద ఇంట్లో రెండు రోజులు మాటామాటా పెరిగినా పరవాలేదు.

ఐదవ అడుగు: మాంసకృత్తులు, ఒక రోజు తిండి

తక్కువ తిన్నప్పుడు శరీరం కొవ్వుతోపాటు కండను కూడా కరిగిస్తుంది. కండ నిలవాలంటే మాంసకృత్తులు కావాలి. చేరుకోవలసిన బరువులో కిలోకు 1.2 గ్రాముల చొప్పున పెట్టుకోవచ్చు. 80 కిలోల గమ్యానికి అది రోజుకు 95 నుంచి 100 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల చేపలోనో రొయ్యల్లోనో 18 నుంచి 20, చర్మం లేని కోడి రొమ్ము మాంసంలో 22, కందిపప్పులో 22, మీల్ మేకర్‌లో 50 గ్రాములకు పైగా ఉంటాయి. పప్పు అంకె పచ్చి పప్పుదని, కప్పు పప్పుచారులో పప్పు రెండు చెంచాలకు మించదని గుర్తుంచుకోవాలి. చెరువుల్లో రొయ్యలు పెంచి దేశాంతరాలకు పంపే జిల్లాల వారికి మాంసకృత్తుల కొరత రాకూడదు. రొయ్యల వేపుడును నూనెలో తేలేలా చేయకపోతే అంతకన్నా మంచి ఆహారం దొరకదు.

మన దుకాణదారు రోజు ఇలా ఉండవచ్చు. పొద్దున రెండు ఇడ్లీలు, రెండు చెంచాల పల్లీ చట్నీ, రెండు ఉడికిన గుడ్లు. దుకాణంలో చక్కెర లేని టీ రోజుకు రెండు. మధ్యాహ్నం 200 గ్రాముల అన్నం, 150 గ్రాముల చేపలు, కప్పు కూర, చిన్న కప్పు పెరుగు. సాయంత్రం ఆకలి వేసే వేళకు బజ్జీల బండి వైపు చూపు పోకముందే పిడికెడు శనగ గుగ్గిళ్ళు, ఒక జామకాయ. రాత్రి ఎనిమిదిలోపు రెండు చిన్న జొన్నరొట్టెలు, కూర, 100 గ్రాముల కోడి మాంసం, పల్చటి మజ్జిగ. మొత్తం సుమారు 1,800 కేలరీలు, 100 గ్రాముల మాంసకృత్తులు. శాకాహారులు చేప స్థానంలో చిక్కటి పప్పు, కోడి స్థానంలో మీల్ మేకర్ పెట్టుకుని పెరుగు పెంచుకోవాలి. హోటల్ టిఫిను తప్పనిసరి అయిన రోజున నేతి కారం దోసె బదులు ఇడ్లీ తీసుకోవడం మేలు. పులిబొంగరాలు ఇంట్లో గుంత పెనం మీద చెంచా నూనెతో చేసుకుంటే తప్పులేదు.

టీ విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దుకాణాలలో, కార్యాలయాలలో రోజుకు ఆరేడు టీలు తాగేవారికి రెండేసి చెంచాల చక్కెర చొప్పున రెండు వందల కేలరీలు దాటుతాయి. శీతల పానీయాలు, మద్యం అదే జాతికి చెందినవి. ఒక గ్రాము ఆల్కహాల్‌లో 7 కేలరీలు ఉంటాయి, దాని వెంట వచ్చే వేపుళ్ళ లెక్క వేరు.

ఆరవ అడుగు: నడక

వంద కిలోలు దాటిన మనిషి ఒక కిలోమీటరు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 60 నుంచి 70 కేలరీలు. నేతితో చేసిన ఒక మైసూర్‌పాకు ముక్కలోనో మలై కాజాలోనో రెండు వందలకు తగ్గవు. అంటే మూడు కిలోమీటర్ల నడక ఒక మిఠాయికి చాలదు. నడక ముఖ్యమైనది బరువు దించడానికి కన్నా దిగిన బరువును నిలపడానికి, చక్కెరను, గుండెను, నిద్రను సరిచేయడానికి.

మొదటి వారం భోజనాల తరువాత పది నిమిషాల చొప్పున రోజుకు మూడు సార్లు నడవండి, అంతకు మించవద్దు. క్రమంగా పెంచుకుంటూ, రెండు నెలల చివరికి పొద్దున 30 నిమిషాలు, రాత్రి 15 నిమిషాలకు చేరండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతుంది. బరువు బాగా తగ్గాలనుకునేవారు క్రమంగా 300 వైపు జరగాలి. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం సరైన వేగం. పాతచెప్పులతో నడవవద్దు, మెత్తని అడుగున్న బూట్లు కొనడమే ఈ మొత్తం పనిలో తప్పనిసరి ఖర్చు. మధుమేహం ఉన్నవారు ఇంటికి రాగానే అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోవాలి.

చోటు విషయానికి వస్తే, నెల్లూరులో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం, స్వర్ణాల చెరువు కట్ట వంటి చదునైన చోట్లు మంచివి. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఇసుక మీద నడక చూడడానికి బాగుంటుంది గానీ, వంద కిలోల పైబడినవారికి మెత్తని ఇసుకలో మడమలు, మోకాళ్ళు మెలిపడతాయి. పది పదిహేను కిలోలు తగ్గాక, తడి ఇసుక గట్టిగా ఉన్న చోట నడవవచ్చు. మోకాళ్ళ నొప్పులు ఎక్కువగా ఉంటే సైకిలు గానీ, ఈత వచ్చినవారు ఈతకొలను గానీ ఎంచుకోవాలి.

మన వాతావరణం ఏడాదిలో సగం నడకకు అడ్డం వస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఆరున్నర లోపు నడక ముగించాలి; రోహిణి కార్తెలో సాయంత్రం ఆరింటికి కూడా రోడ్డు వేడి తగ్గదు. నడకకు ముందు రెండు గ్లాసుల నీళ్ళు, తరువాత ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి. రక్తపోటు ఉన్నవారికి మజ్జిగలో ఉప్పు వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుంటే మేడ మీద వరండాలోనో, ఇంటి హాల్లోనో అటూ ఇటూ పది నిమిషాల చొప్పున నడవడానికి ముందే నిశ్చయించుకోండి. బయట వాన పడుతున్న రోజున ఏం చేయాలో ముందుగా తెలియనివారే నడక మానేస్తారు, ఆ మానడం రెండు వారాలు సాగుతుంది.

ఏడవ అడుగు: కండకు పని

వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాల చొప్పున సరిపోతుంది. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు వాడకుండా లేవడం పది సార్లు. గోడకు చేతులు ఆనించి దండీలు తీసినట్టు ముందుకు వంగి లేవడం పది సార్లు. రెండు లీటర్ల నీళ్ళ సీసా చెరొక చేతితో భుజం దాకా ఎత్తడం పది సార్లు. వెల్లకిలా పడుకుని నడుము పైకి లేపడం పది సార్లు. ఈ నాలుగింటినీ మూడు దఫాలు చేయాలి. కింద కూర్చోలేనివారు నాలుగవది మంచం మీద చేయవచ్చు. తేలికైపోయిందనిపించిన వారం నుంచి కుర్చీ ఎత్తు తగ్గించడం, సీసా బదులు డంబెల్ పట్టుకోవడం చేయాలి. జిమ్‌లో చేరితే మంచిదే, కానీ మొదటి రోజే ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించే శిక్షకుడి మాట వినవద్దు. ఛాతీలో నొప్పి, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్ళు బైర్లు కమ్మడం కనిపిస్తే ఆ క్షణమే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

ముల్లు కదలనప్పుడు

వారానికి మూడు రోజులు, పొద్దున కాలకృత్యాల తరువాత, ఏమీ తినకముందు తూచుకుని మూడింటి సగటు రాసుకోండి. ఆడవారికి నెలసరి ముందు వారంలో కిలో రెండు కిలోలు నీరు చేరడం సహజం, ఆ వారం అంకెను పోయిన నెల అదే వారం అంకెతో పోల్చాలి. నడుము చుట్టుకొలత నెలకోసారి.

ఆరో నెల తరువాత తూకం మందగించి, ఆగినట్టు కనిపిస్తుంది. కారణం లెక్కలోనే ఉంది. మన దుకాణదారు 85 కిలోలకు వచ్చాక అతని రోజు ఖర్చు 2,545 నుంచి సుమారు 2,220కి పడిపోతుంది. దానికి తోడు శరీరం పొదుపు నేర్చుకుని ఇంకొంచెం తక్కువే ఖర్చు చేస్తుంది. మొదట్లో 650 లోటు ఇచ్చిన 1,900 కేలరీలు ఇప్పుడు 320 లోటే ఇస్తాయి. రెండవ కారణం, చెప్పడానికి కాస్త ఇబ్బందికరమైనది, కొలతలు జారిపోవడం: గరిటె నిండుగా పడుతుంటుంది, నూనె చెంచా మళ్ళీ చేతివాటమైపోతుంది. అందుకని మూడు వారాల సగటు కదలకపోతే ముందు వారం రోజులు అన్నం, నూనె మళ్ళీ తూచి చూడండి. చాలా సందర్భాల్లో జవాబు అక్కడే దొరుకుతుంది. కొలతలు సరిగానే ఉంటే కొత్త బరువుతో సూత్రం మళ్ళీ వేసి 150 కేలరీలు తగ్గించండి, లేదా రోజుకు ఇరవై నిమిషాల నడక కలపండి. మగవారు 1,500, ఆడవారు 1,200 కేలరీల కన్నా కిందికి వైద్య పర్యవేక్షణ లేకుండా దిగకూడదు.

వరుసగా నాలుగైదు నెలలు తగ్గినవారు రెండు వారాలు ఖర్చుకు సరిపడా తిని, బరువును ఉన్నచోటే నిలిపి ఉంచడం మంచిది. సంక్రాంతికి అలాంటి విరామం పెట్టుకుంటే అరిసెలు లెక్కలోనే ఇముడుతాయి. పెళ్ళి భోజనాలకు ఆకలితో వెళ్ళకూడదు. ఇంట్లో గుడ్డో మజ్జిగో తీసుకుని వెళ్ళి, విస్తరిలో ఒక మిఠాయి, ఒక వేపుడు ఎంచుకుని మిగతావాటికి చేయి అడ్డం పెట్టండి. కార్తీక మాసంలో పగలంతా ఉపవాసం ఉండి రాత్రి పులిహోర, పూర్ణాలతో పారణ చేసేవారి బరువు నెల చివరన పెరిగి ఉండడం వింత కాదు.

దగ్గరదారులు

పొదలకూరు మార్కెట్లో నిమ్మకాయలకు కొదవలేదు కానీ, నిమ్మరసం ఏ కొవ్వునూ కరిగించదు. అందులో కలిపే పెద్ద చెంచా తేనె అరవై కేలరీలు చేరుస్తుంది. భోజనం బదులు తాగమని క్లబ్బుల్లో అమ్మే పొడుల వల్ల బరువు తగ్గితే అది తిండి తగ్గినందువల్లే, పొడి మానిన నెలలోనే తిరిగి వస్తుంది. అన్నం పూర్తిగా మాని నెయ్యి, కొబ్బరినూనె తాగే పద్ధతిలో మొదట వేగంగా తగ్గడం నిజమే, ఏడాది దాటి నిలబడినవారు అరుదు. మధుమేహం మందులు వాడేవారికి అది ప్రమాదం కూడా. పేరు, కూర్పు తెలియని ఆయుర్వేదం మాత్రలు ముట్టుకోవద్దు.

ఇంజెక్షన్లను ఈ కోవలో వేయను. 2025లో టిర్జెపటైడ్, బరువు తగ్గించే మోతాదులో సెమాగ్లూటైడ్ మన దేశ మార్కెట్లోకి వచ్చాయి. అవి నిజంగా ఆకలిని తగ్గిస్తాయి. అయితే ఆపితే చాలామందికి బరువు తిరిగి పెరుగుతుంది, వాడుతున్నన్నాళ్ళూ మాంసకృత్తులు, కండకు పని తప్పవు. బీఎంఐ 35 దాటి జబ్బులు ముదిరినవారికి శస్త్రచికిత్స కూడా చర్చించదగిన మార్గమే. రెండూ ఎండోక్రైనాలజిస్టుతోనో (హార్మోన్ల వైద్యుడు) సర్జనుతోనో తేల్చుకోవలసినవి, మందుల దుకాణంలో అడిగి కొనుక్కోవలసినవి కావు.

తగ్గిన తరువాత

పాతిక కిలోలు దిగాక పొట్ట, పై చేతుల చర్మం వదులుగా వేలాడుతుంది. వయసు చిన్నదైతే కొంత బిగుస్తుంది, నూనెలూ లేపనాలూ దానికి పనిచేయవు. తినగానే తప్పు చేసినట్టు అనిపించడం, దొంగచాటుగా తిని వాంతి చేసుకోవడం వంటి అలవాట్లు కనిపిస్తే బరువు సంగతి పక్కనపెట్టి మానసిక వైద్యుణ్ణి కలవాలి. కుడివైపు పక్కటెముకల కింద తిన్న తరువాత నొప్పి వస్తుంటే పిత్తాశయానికి స్కానింగు చేయించాలి.

గమ్యం చేరగానే పాత కొలతలకు ఎగిరి దూకకూడదు. వారానికి వంద కేలరీల చొప్పున పెంచుకుంటూ, తూకం ఎక్కడ నిలుస్తుందో చూసుకోవాలి. అమెరికాలో 1994 నుంచి నడుస్తున్న ఒక పట్టికలో కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాది పాటు నిలుపుకున్నవారి అలవాట్లు నమోదు చేస్తున్నారు. వారిలో ఎక్కువమంది పొద్దున తప్పక తింటారు, వారానికి ఒకసారైనా తూచుకుంటారు, రోజుకు గంట దాకా శరీరశ్రమ చేస్తారు, టీవీ తక్కువ చూస్తారు. మీరు నిలిపిన బరువుకు మూడు కిలోలు పైన ఒక హద్దు పెట్టుకోండి. సగటు ఆ హద్దు తాకిన వారమే అటక మీది తూకం దించి, అన్నం, నూనె రెండు వారాలు కొలిచి వాడి, సగటు మళ్ళీ హద్దు కిందికి వచ్చాక ఆపండి.